రాళ్ళాయన వాటా

మా శాఖలో ఒకాయన ఉన్నాడు. రాయి కనబడితే నాలిక ఆనించి చూస్తాడు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి క్లాసులోనే అది చూసి మొహమొహాలు చూసుకుంటారు. బంకమన్ను రాయయితే నాలిక్కి అంటుకుంటుంది, ఇసుకరాయయితే అంటుకోదు, ఈపాటిదానికి పరికరం ఎందుకు అంటాడాయన. "కూరలో ఉప్పుందో లేదో మాత్రం ఆయనకి తెలీదు తల్లీ, రాయి రుచి అడుగు, గడగడా చెప్తారు" అని వాళ్ళావిడ నాతో ఎన్నిసార్లు అందో. భూగర్భశాస్త్రం చెప్పే ఈ మనిషిని యూనివర్సిటీలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. రాళ్ళాయన అంటారు. ఆయన విన్నా ఏమీ అనుకోడు.

ఆయన తండ్రి రోడ్ల పనికి కంకర కొట్టేవాడు. చిన్నప్పుడు ఆ కంకర కుప్ప పక్కన కూర్చుని, ఒకే కొండ రాళ్ళలో రెండు రంగులెందుకున్నాయి నాన్నా అని అడిగితే, "పొద్దెక్కింది, అన్నం తిను" అన్నాడట తండ్రి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు దొరక్కే ఇంత చదువు చదవాల్సొచ్చింది అంటాడు రాళ్ళాయన. కొండలమీదా ఏటి ఒడ్డునా ఆయన కంటికి ఆనని పొర లేదు. కలం పట్టుకుంటే మాత్రం చెయ్యి మొరాయిస్తుంది. ఒక వాక్యం రాస్తాడు, కొట్టేస్తాడు, లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు, వచ్చి మళ్ళీ అదే వాక్యం రాస్తాడు.

ఆ లోటు తీర్చడానికే అన్నట్టు ఆయనకి ఒక స్నేహితుడు దొరికాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు, ఒకే గదిలో ఎదురెదురు బల్లలు. ఆ స్నేహితుడికి ఎండ పడదు, ఎక్కడం చేతకాదు, కానీ నోరు తెరిస్తే ఆగేవాడు కాదు, రాసినా అంతే. అందుకే ఆయన పేరు మాటలాయన. ఈయన చూసొచ్చి నాలుగు ముక్కలు చెప్పేవాడు, ఆయన వాటికి ఎదురు ప్రశ్నలేసి ఉడికించి, మళ్ళీ కొండకి తరిమి, ఆఖరికి చక్కటి వ్యాసంగా రాసేవాడు. జోడెద్దులు అనేవాళ్ళం మేం.

వాళ్ళకో పద్ధతి ఉండేది. మొదటి వ్యాసానికి ఎవరి పేరు ముందుండాలని బొమ్మా బొరుసూ వేసుకున్నారట. మాటలాయన గెలిచాడు. కాబట్టి రెండోదానికి రాళ్ళాయన పేరు ముందు. ఆ తరవాత ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తక్కువ చేశారు అన్న ఊసే లేదు. వంతు ఎవరిదైతే వాళ్ళ పేరు ముందు, పని మాత్రం చెరి సగం. "వంతు తప్పితే స్నేహం తప్పినట్టేరా" అనేవాడు మాటలాయన. అది విని నవ్వేవాళ్ళం. ఇద్దరు మగాళ్ళు పిల్లల్లా వంతులేసుకోవడమేంటని నేనైతే మొహంమీదే అన్నాను. నాకు నోటి దురుసు ఎక్కువ. నన్ను వెనకాల మైకు అంటారని నాకు తెలుసు.

ఆఖరి వ్యాసం దగ్గరే చిక్కంతా వచ్చింది. ఊరవతల ఏరు ఒకప్పుడు ఎటు పారింది, ఏ వరదకి ఎంత జరిగింది అన్నది ఒడ్డు పొరల్లో చదివి చెప్పే పని అది. మొదలుపెట్టిన కొన్నాళ్ళకే మాటలాయనకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మంచం పట్టాడు. మందుల మత్తులో ఎప్పుడు తెలివిగా ఉండేవాడో ఎప్పుడు లేడో ఇంట్లోవాళ్ళకే తెలిసేది కాదు. చూడ్డమూ రాళ్ళాయనే చూశాడు, రాయడమూ రాళ్ళాయనే రాశాడు. ఆ రాత నా కళ్ళముందు జరిగింది. పక్క గదే కదా. "అమ్మాయ్, దీనికి ఏం మాట వాడతారు?" అంటూ గుమ్మంలో నిలబడేవాడు, చేతిలో కాగితం, నుదుటిమీద చెమట. ఒక్కో పేజీకీ ఆయన పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అలా పూర్తయిన వ్యాసానికి మొదటి పేరు వంతు మాటలాయనది. అలాగే వేశాడు.

అది అచ్చయ్యేసరికి మాటలాయన లేడు. వ్యాసానికి మాత్రం ఎక్కడెక్కడి నుంచో పేరొచ్చింది. సంస్మరణ సభలో పెద్దలొకరు మైకు ముందు నిలబడి, "మంచంలో ఉండి కూడా కలం వదలని మహానుభావుడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మాటలాయన భార్య తలొంచుకుని కూర్చుంది. వెనక వరసలో రాళ్ళాయన గోడకానుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రోజు తరవాత ఆయన మాటలాయన ఇంటి గడప తొక్కలేదు. అంతకుముందు రోజూ సాయంత్రం వెళ్ళి మంచం పక్కన కూర్చున్న మనిషి, ఆ వీధిలోంచి వెళ్ళాల్సొస్తే కూడా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఎందుకు సార్ అంటే, "ఆవిడ ఆ వ్యాసం సంగతి ఎత్తితే నా మొహం దాచుకోలేనమ్మాయ్" అన్నాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. రాళ్ళాయన పదవీ విరమణకి దగ్గరపడ్డాడు, ప్రొఫెసర్ మాత్రం కాలేదు. అప్పుడొచ్చింది మా యూనివర్సిటీకి ఆచార్యుల కార్యకలాపాల నివేదన వ్యవస్థ. ఆ పేరు పూర్తిగా పలికేలోపు టీ చల్లారిపోతుంది కనక అందరం పోర్టల్ అన్నాం. ఎవరు ఏ క్లాసు చెప్పారు, ఎవరిచేత పరిశోధన చేయించారు, ఏ కమిటీలో కూర్చున్నారు, ఏం రాశారు, అన్నీ ఇకమీదట అందులోనే. అందులో లేని పని చెయ్యని పని కింద లెక్క. శాఖకొక సమన్వయకర్త కావాలన్నారు. అధ్యక్షుడుగారు చుట్టూ చూశారు. తక్కినవాళ్ళంతా తలొంచుకున్నారు, నేను తలెత్తాను. అంతే, నా మెడకి చుట్టుకుంది.

దాంట్లో తిరకాసంతా వాటాల దగ్గరే. ఇద్దరు కలిసి రాసినదైతే ఎవరి వాటా ఎంత శాతమో వెయ్యాలి. వెయ్యగానే రెండోవాళ్ళ ఫోనుకి సందేశం వెళ్తుంది. వాళ్ళు 'ఒప్పుకుంటున్నాను' అనో 'ఒప్పుకోను' అనో నొక్కాలి. ఒప్పుకుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపు పడితే ఆ పని ఇద్దరికీ లేనట్టే. ఇక చూడాలి తమాషా! పక్క శాఖలో మొగుడూ పెళ్ళాం కలిసి ఒక పుస్తకం రాశారు. ఆయన తనకి అరవై, ఆవిడకి నలభై వేశాడు. ఆవిడ ఒప్పుకోను అని నొక్కింది. వారం పాటు ఆయన క్యాంటీన్లో భోంచేశాడు. చిరకాలంగా కలిసి టీ తాగేవాళ్ళు విడివిడిగా తాగడం మొదలెట్టారు. నవ్వుతూనే చెప్తున్నాను గానీ, అప్పటిదాకా ఎవరూ పైకి అనని మాటలన్నీ ఆ నెలలో బయటికొచ్చాయి.

రాళ్ళాయన తన వ్యాసాలన్నీ పాత తువ్వాల్లో మూటకట్టి తెచ్చాడు. నేను ఎక్కిస్తూ పోయాను. ఎంత సార్ అంటే, చెరి సగం. దీనికి? చెరి సగం. ఆఖరిది చేతిలోకి తీసుకుని ఆగాను.

"సార్, ఇది మీ ఒక్కరిదే."

"చెరి సగం వెయ్యమ్మాయ్. పోయినవాడితో పేచీ ఏంటి?"

వేశాను. ప్రొఫెసర్ పదవికి ఆ ఏడే ఆఖరి అవకాశం. ఆ వ్యాసం సగం వాటాతో ఉన్నా ఆయనకి సరిపోతుంది, అది లేకపోతే మాత్రం అందదు. లెక్క నేనే చూశాను. పోయినవాళ్ళ దగ్గర్నించి జవాబు రాదు కనక, గడువు దాటాక మా అధ్యక్షుడుగారే ఒప్పుకుంటున్నాను అని నొక్కుతారు, ఇబ్బంది లేదు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న పోర్టల్ తెరిచి చూశాను. మాటలాయన నంబరు నుంచి జవాబులొచ్చాయి! పాత ఉద్యోగుల పట్టికలోంచి ఆ నంబరు తియ్యలేదన్నమాట. వ్యాసాలన్నీ పచ్చగా ఉన్నాయి. ఆఖరిది ఒక్కటే ఎర్రగా ఉంది. ఒప్పుకోను.

వార్త క్షణాల్లో పాకింది. "పైన కూడా నెట్‌వర్క్ వచ్చిందా మేడమ్?" అన్నాడు మా అటెండరు. నేను తిట్టిన తిట్టుకి మళ్ళీ నోరెత్తలేదు. రాళ్ళాయన వచ్చి తెరమీద ఆ ఎర్రమచ్చ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్ళావిడే నొక్కింది" అన్నాడు. "అది మొత్తం వాడిదే అనుకుంటోంది పాపం. నేను సగం అడిగినందుకు కష్టం కలిగింది. నాది దొంగ వాటా అనుకుంటోంది."

"అనుకుంటే వెళ్ళి చెప్పండి!"

"ఏమని? మీ ఆయన అందులో అక్షరం రాయలేదు అనా? నా నోటితోనా?" ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు. "వాడికి వంద వేసెయ్. నాకొద్దు. ఆవిడ మనసులో నేను దొంగని కాకుండా ఉంటే చాలు."

నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. మంచితనానికైనా ఒక హద్దుండాలి. ఆ మధ్యాహ్నమే రాళ్ళాయన భార్య నాకు ఫోన్ చేసింది. "ఆయన పదవి కోసం దిగులు పడట్లేదు తల్లీ. ఆ ఇంట్లో తన్ని తప్పుగా అనుకున్నారని అన్నం ముట్టలేదు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అంది. ఇక ఆగలేదు. "మీకు నోరు లేకపోతే నాకుంది, పదండి సార్" అని ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని ఆయన్ని మాటలాయన ఇంటికి బస్సెక్కించాను. దారంతా మాటలాయన భార్యని ఎలా కడిగెయ్యాలో మనసులో వల్లించుకున్నాను.

రెండు గదుల పోర్షను అది. మొదటి గదిలో మాటలాయన మంచం ఇంకా అక్కడే ఉంది, దానిమీద ఉతికిన బట్టలు మడతపెట్టి ఉన్నాయి. పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆవిడ తలుపు తీసి రాళ్ళాయన్ని చూసి, ఒక నిమిషం తలుపు పట్టుకునే నిలబడిపోయింది. తరవాత, "రండన్నయ్యా, కూర్చోండి" అంది. రాళ్ళాయన అలవాటుగా ఆ కుర్చీ వైపు నడిచి, దానిదాకా వెళ్ళి ఆగాడు. గుమ్మం పక్కనున్న స్టూలుమీద కూర్చున్నాడు.

ఆయన మాట్లాడడని తెలుసు కనక నేనే అందుకున్నాను. "అక్కా, ఆ ఫోను మీ దగ్గరే ఉందా?"

"నా దగ్గరే. ఆపేయించడానికి మనసొప్పలేదు. ఆయన్ని అడుగుతూ ఎవరైనా చేస్తారేమోనని." ఆవిడ నా వైపు కాదు, ఆయన వైపే చూస్తోంది. "నిన్న వరసగా మోగింది. చూస్తే మీ ఇద్దరి పేర్లు. అన్నీ చదివాను."

"చదివి ఒకటి ఒప్పుకోనన్నారు."

"ఒప్పుకోను. అబద్ధానికి ఎలా ఒప్పుకుంటాను?"

నాకు పుండుమీద కారం చల్లినట్టయింది. నోరు తెరిచాను. రాళ్ళాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "తప్పేనమ్మా" అన్నాడు తలొంచుకుని. "వాడికే వంద వేయిస్తాను. నాకేం బాధలేదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. "మీకు బుద్ధుందా అన్నయ్యా?" అంది. నేను తెల్లబోయాను.

"ఆయనకి వందేంటి? అందులో ఆయన రాసింది ఒక్క ముక్కయినా ఉందా? సగం అని మీరెలా వేశారు? ఎవర్ని మభ్యపెట్టడానికి వేశారు?"

రాళ్ళాయన తలెత్తి, "నీకు తెలుసా?" అన్నాడు.

"ఆయనే చెప్పారు. పోయే ముందు తెలివిగా ఉన్న రోజు, కూర్చోబెట్టుకుని చెప్పారు. 'వాడు నా పేరు ముందు వేశాడే. ఒకసారి వద్దన్నాను. వంతు వంతేరా అన్నాడు. రెండోసారి వద్దనాల్సింది, అనలేదు. పోయేముందు ఒక్కసారి పేరు చూసుకుందామని నాకూ ఆశ పుట్టింది. వాడిది నేను తినేశాను. నువ్వయినా చెప్పు' అన్నారు." ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. "చెప్దామనే ఆ సభకొచ్చాను అన్నయ్యా. ఆ పెద్దాయన మహానుభావుడు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా నోరు పడిపోయింది. తరవాతైనా మీతో చెప్దామని చూశాను. మీరు రాలేదు. ఇవాళొస్తారు, రేపొస్తారు అనుకున్నాను. అయిపోయింది, మీకు కోపం వచ్చింది, ఆయన ఆశ పడ్డారని తెలిసిపోయింది, ఇక ఈ గడప తొక్కరు అనుకున్నాను."

"కోపమా? వాడిమీదా?" రాళ్ళాయన స్టూలుమీంచి లేచి నిలబడ్డాడు. "నీకెక్కడ మొహం చూపించాల్సొస్తుందోనని రాలేదమ్మా. వాడు రాశాడని నువ్వు పొంగిపోతుంటే, నా మొహంలో నీకు నిజం కనపడిపోతుందని రాలేదు."

అన్నాళ్ళూ ఇద్దరూ ఒకే నిజాన్ని ఒకరినుంచి ఒకరు దాచుకున్నారు. ఎంత అన్యాయం! నేను వల్లించుకొచ్చిన మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలీదు.

"ఇప్పుడు సరిగా వెయ్యించండి" అంది ఆవిడ.

"అలా కాదమ్మా. రాయకపోయినా, వాడడిగే ప్రశ్నలే లేకపోతే నేను..."

"ఆ రోజుల్లో ఆయన ప్రశ్నలడిగారా?"

రాళ్ళాయన అబద్ధమాడలేడు. చేతకాదు. మంచం వైపు చూశాడు. "లేదు" అన్నాడు చివరికి. "నేనే చెప్పేవాణ్ణి. వాడు కళ్ళు మూసుకుని ఉండేవాడు. వింటున్నాడనుకునేవాణ్ణి."

"మరి?"

"పోనీ పదైనా ఉంచమ్మా. నాకోసం. నేనిస్తున్నాననుకో."

"అదే వద్దంటున్నాను" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "ఒకసారి మీరిచ్చారు, ఆయన తీసుకున్నారు. అది మోసుకునే పోయారు. మళ్ళీ ఇస్తే మళ్ళీ తీసుకున్నవారవుతారు. మీది మీరు తీసేసుకోండి అన్నయ్యా. ఆయన్ని వదిలెయ్యండి."

రాళ్ళాయన నా వైపు తిరిగి తలూపాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆ మంచం అంచున పెట్టాను. ఎరుపు పడ్డవాటిని గడువు లోపల ఒకసారి దిద్దుకోవచ్చు. "మీరే వెయ్యండి సార్" అన్నాను. ఆయన ఒంటి వేలితో తన పేరు ఎదుట వంద కొట్టాడు. స్నేహితుడి పేరు ఎదుట సున్నా కొట్టడానికి వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆయన కన్నీళ్ళు మీటలమీద పడుతుంటే నేను తుడవలేదు.

లోపలి గదిలో ఫోను మోగింది. ఆవిడ తెచ్చుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైకి చదివింది. పరాయివాళ్ళ సంగతి చదువుతున్నట్టు ఒక్కొక్క మాటా విడివిడిగా చదివి, వేలితో నొక్కింది. తెరమీద ఎరుపు పోయి పచ్చ పడింది. ఆ పచ్చతోనే ఆయన తరవాత ప్రొఫెసర్ అయ్యాడు కూడా. దాన్ని గురించి ఆయనా మాట్లాడలేదు, నేనూ అభినందించలేదు.

ఎందుకంటే ఆ రోజు పచ్చ పడిన మరుక్షణం ఇంకోటి జరిగింది. వ్యాసం పేరు కింద రెండు పేర్లుండాల్సిన చోట ఒక్కటే మిగిలింది.

"వాడి పేరేది?" అన్నాడు రాళ్ళాయన.

"సున్నా వాటా ఉన్నవాళ్ళ పేరు అది ఉంచదు సార్."

"నేను తియ్యమనలేదే! వెనక్కి తెప్పించమ్మాయ్."

"దిద్దుకోవడం ఒక్కసారే సార్. ఇక అవ్వదు."

ఆయన తెరమీద ఆ ఖాళీని వేలితో తడిమాడు. ఆవిడ దగ్గరికొచ్చి తనూ చూసింది. ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది. ఏడవలేదు. మెల్లిగా ల్యాప్‌టాప్ మూసేసి, ఆ ప్లాస్టిక్ కుర్చీ లాగి ఆయన ముందు పెట్టింది.

"ఇంక మా ఇంటికి రావడానికి మీకేం అడ్డం లేదుగా అన్నయ్యా?" అంది.

రాళ్ళాయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "రేపొస్తానమ్మా" అన్నాడు చేతుల వెనకాల నుంచి. "ఎల్లుండి కూడా వస్తాను."